కొత్త లైటు పెట్టాక కోరల్స్ పాలిపోతున్నాయి, ఏది కొనాలి?

ఉప్పునీటి_ట్యాంకు:
సాయంత్రం నుంచి వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కింది. ఒకాయన తెల్ల కాంతి అస్సలు వద్దంటాడు, ఇంకొకాయన నీలం ఒక్కటే పెడితే కోరల్ పెరగదంటాడు. షాపతను 165 వాట్ల ఎల్ఈడీ, 20,000 కెల్విన్ అని చెప్పి అంటగట్టాడు. పెట్టిన దగ్గర్నుంచి టార్చ్ కోరల్ ముడుచుకుపోయింది, హామర్ కోరల్ అంచులు తెల్లబడుతున్నాయి. ఇది తీసేసి వేరేది కొనాలా? ఒక్క పేరు చెప్పండి, ఇప్పుడే ఆర్డర్ పెట్టేస్తా.

రీఫ్_రాజు:
నీళ్ల లోతు? లైటు ఎంత ఎత్తులో ఉంది? ఏ రంగు ఛానెల్ ఎంత శాతం? ఎన్ని గంటలు? పాత లైటు ఏది? ఇవి చెప్పకుండా పేరెలా చెప్తారు.

సముద్రతీరం:
లైటు సంగతి తర్వాత. టార్చ్, హామర్ రెండూ గట్టి పగడాలు. 2001లో గట్టి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు. అంటే పులి ఉన్న జాబితాలోనే. మన్నార్ సింధుశాఖలోనూ లక్షద్వీప్‌లోనూ నీళ్లు వేడెక్కి దిబ్బలు ఇప్పటికే తెల్లబడుతుంటే, మళ్లీ వాటిని పీకి ఇళ్లలో పెట్టుకోవడమా? ఎక్కడ కొన్నారో ముందు చెప్పండి.

ఉప్పునీటి_ట్యాంకు:
అండీ, నేనుండేది టెక్సస్‌లో. రెండూ ఇక్కడి పెంపకందారు దగ్గర ముక్కలుగా తీసుకున్నవే, సముద్రంలోంచి తెచ్చినవి కావు.

సముద్రతీరం:
అలాగైతే సరే. ఇది చదివి హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఎవరైనా కొంటారేమోనని రాశాను. వేరే దేశం నుంచి తెప్పించుకోవాలన్నా సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి కావాలి. అది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి.

నీలికాంతి:
కెల్విన్ చూసి లైటు కొనకండి. 14,000 అన్నా 20,000 అన్నా కాంతి ఎంత నీలంగా కనిపిస్తుందో చెప్తుంది, అంతే. వాట్లు కరెంటు బిల్లుకు పనికొస్తాయి. కోరల్ ఒంట్లో జూక్సాంథెల్లే అనే ఆల్గీ, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు ఉంటుంది, కోరల్‌కు తిండి చాలావరకు అదే పెడుతుంది. దానికి అందే కాంతి లెక్క పార్. అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతి ఎంత పడుతోందని. టార్చ్, హామర్‌లకు 80 నుంచి 150 పార్ హాయిగా సరిపోతుంది. అక్రోపోరా లాంటి కోరల్స్‌కు 250 పైన కావాలి. కాంతి మరీ ఎక్కువైతే కోరల్ ఆ ఆల్గీని బయటికి నెట్టేస్తుంది, లోపలి తెల్ల అస్థిపంజరం కనిపిస్తుంది. మీ హామర్ అంచుల్లో జరుగుతున్నది అదేనని నా అనుమానం.

టీ5_అభిమాని:
ఎల్ఈడీతో వచ్చే తంటాలే ఇవి. టీ5 ట్యూబులైతే, అంటే సన్నటి ట్యూబ్‌లైట్లైతే, కాంతి ట్యాంకంతా సమానంగా పరుచుకుంటుంది, రాళ్ల కింద అంత నీడ ఉండదు. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ యాప్‌తో కొలిచి చూడండి, తేడా తెలుస్తుంది.

నీలికాంతి:
లక్స్ వద్దు. మనిషి కంటికి ఎక్కువగా ఆనే ఆకుపచ్చ కాంతికే లక్స్ బరువెక్కువ ఇస్తుంది. నీలి ఎల్ఈడీ కింద తక్కువ చూపిస్తుంది, మీరేమో ఇంకా పెంచేస్తారు. సుమారు 54 లక్స్‌కు ఒక పార్ అనే లెక్క ఎండకు మాత్రమే.

టీ5_అభిమాని:
మొత్తానికి కాంతేగా. నేను లక్స్ చూసే ట్యాంకు నడిపాను, బాగానే ఉంది.

నీలికాంతి:
మీ ట్యూబుల్లో తెలుపు కూడా కలిసి ఉంది కాబట్టి నడిచింది. ఇక్కడ నడవదు.

ఫాస్ఫేట్_పరీక్ష:
అందరూ లైటు మీదే పడ్డారు. నీళ్లలో పోషకాలు, అంటే నైట్రేట్, ఫాస్ఫేట్ ఎంతున్నాయి? రెండూ సున్నా అయితే ఏ లైటు కిందైనా పాలిపోతాయి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం ఉండనివ్వండి. ఆల్కలినిటీ (నీటి క్షారత) 8, 9 డీకేహెచ్ మధ్య కదలకుండా ఉండాలి. నీళ్లు మరీ శుభ్రంగా ఉండాలన్న పట్టుదలే చాలా ట్యాంకులను ముంచుతోంది.

ఉప్పునీటి_ట్యాంకు:
నైట్రేట్ 5 ఉంది. ఫాస్ఫేట్ కిట్ లేదు. లోతు 20 అంగుళాలు, లైటు నీళ్లకు 6 అంగుళాల పైన. రెండు ఛానెళ్లూ 100 శాతం, 12 గంటలు. పాతది ట్యాంకుతో పాటు వచ్చిన చిన్న లైటు. టార్చ్ రాయి పైకొసన ఉంది. ఇవన్నీ అవసరమా?

రీఫ్_రాజు:
ఇవే అవసరం. కొత్తది కొనకండి.

నీలికాంతి:
లైటులో లోపం లేదు. నీడలో పెంచిన నారును ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టినట్టయింది. నీలం 35, తెలుపు 5 శాతానికి దించండి. లైటును 10, 12 అంగుళాల ఎత్తుకు లేపండి. ఎనిమిది గంటలు చాలు. టార్చ్‌ను ఇసుక దగ్గరికి దించండి, హామర్‌కు తగలనంత దూరంలో పెట్టండి. వారానికి 5 శాతం చొప్పున పెంచుకుంటూ పోండి, మళ్లీ ముడుచుకుంటే అక్కడే ఆపండి. అమెరికాలో పార్ మీటర్ అద్దెకిస్తారు, మీ ఊరి రీఫ్ క్లబ్‌లో అడగండి. ఒక్కసారి కొలిస్తే మళ్లీ ఊహలతో పనుండదు.

ఉప్పునీటి_ట్యాంకు:
దించాను. హామర్ కాస్త తెరుచుకుంది, టార్చ్ ఇంకా అలాగే ఉంది. థాంక్సండీ.

ఫాస్ఫేట్_పరీక్ష:
ఫాస్ఫేట్ కిట్ తెప్పించుకోండి, మరిచిపోవద్దు.

టీ5_అభిమాని:
ఎల్ఈడీకి రెండు పక్కలా ఒక్కో టీ5 ట్యూబు చేర్చుకోండి, నీడలు పోతాయి. ట్యూబులు ఏడాదికోసారి మార్చాలి, అంతే.

రీఫ్_రాజు:
ట్యాంకు పొడవెంత? నాలుగడుగులైతే ఒక్క లైటు చాలదు.