లిజియాంగ్ వైపు నాషి ఊళ్లు ఎవరైనా తిరిగారా? అమ్మానాన్నల్తో వెళ్తున్నాం

పాలకొల్లు_పిల్లోడు:
అందరికీ నమస్తే అండి. సార్వా కోతలైపోయాక డాళ్వా నాట్లు పడేలోపు నాన్నగారికి కొంచెం ఖాళీ దొరుకుద్ది, అప్పుడు చైనా యునాన్ వెళ్దామనుకుంటున్నాం, కోల్‌కతా నుంచి గ్వాంగ్‌ఝౌ ఫ్లైట్, అక్కణ్ణుంచి కున్‌మింగ్, తర్వాత ట్రైన్లో లిజియాంగ్. నాన్నగారికి మ్యూజియాలూ షాపింగూ పడవు, చేలూ కాలవలూ పశువులూ కనపడితే చాలు. అక్కడ నాషి అనే తెగవాళ్లుంటారు కదా, ఆళ్ల ఊళ్లు అసలు సిసలుగా ఎక్కడ చూడొచ్చు? అమ్మ ప్యూర్ వెజ్, ఆవిడ తిండి సంగతి కూడా చెప్పండి ప్లీజ్.

లాకులదగ్గర:
ముందు లిజియాంగ్ ఓల్డ్ టౌన్ మీద ఆశలు తగ్గించుకోండి. 1997లో యునెస్కో లిస్టులోకెక్కింది, ఇప్పుడు మెయిన్ వీధులంతా డోలు కొట్టే షాపులూ బార్లూ, నాషి ఓనర్లు చాలామంది ఇళ్లు అద్దెకిచ్చి కొత్త టౌన్లోకి ఎల్లిపోయారు. అలాగని మానెయ్యక్కర్లేదు, తెల్లారగట్ట లేచి వెళ్లండి, అప్పుడింకా టూరిస్టులు నిద్రలో ఉంటారు. అక్కడ మూడు గుంటల బావులుంటాయి. ఊట నీళ్లు మొదటి గుంటలోకొస్తాయి, అవి తాగడానికే. అది పొంగి రెండోదాన్లో పడుద్ది, అందులో కూరగాయలు కడుగుతారు. మూడోది బట్టలకి. నేను చూసినప్పుడు ఒక ముసలావిడ ఆకుకూర కట్ట రెండో గుంటలో జాడించి, మట్టి వేళ్లు తుంచి పక్కన పెట్టింది, ఒక్క ఆకు కూడా నీళ్లల్లో వదల్లేదు. మన పంటకాలవలో ఎగువోడు గేదెల్ని కడుగుతుంటే దిగువోడు బిందె ముంచుతాడు చూడండి, దానికి పూర్తి రివర్సు. నాన్నగారికి ఇది తప్పకుండా చూపించండి.

పల్లె కావాలంటే బైషా వెళ్లండి, ఉత్తరాన కొంచెం దూరమే. మింగ్ కాలం నాటి కుడ్యచిత్రాలున్నాయి గానీ మీకు దాని చుట్టూ ఉన్న చేలే ముఖ్యం, వెనకాల 5,596 మీటర్ల మంచుకొండ, ఇళ్ల చూరుకి మొక్కజొన్న పొత్తులు. పెద్ద వయసు ఆడాళ్లు వీపుకి గొర్రెతోలు కట్టుకుని, దానిమీద ఏడు గుండ్రటి బిళ్లలు, అవి చుక్కలంట. చుక్కలుండగా లేచి మళ్లీ చుక్కలొచ్చేదాకా పనిచేస్తారని చెప్తారు. పొలం పనీ సంతా పాతకాలం నుంచీ ఎక్కువ ఆళ్లదే.

రాజోలు_రాణి:
లాకులు గారు నీళ్ల సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. వాళ్ల పూజార్లని దోంగ్బాలంటారు, బొమ్మల లిపిలో పొత్తాలు రాసుకుంటారు, 2003లో యునెస్కో మెమరీ ఆఫ్ ది వరల్డ్‌లో చేర్చింది. షాపు బోర్డుల మీద కనపడుద్ది గానీ మామూలు జనానికి చదవడం రాదు, అది పూజల కోసమే. వాళ్ల కథలో మనిషీ, షు అనే ప్రకృతి దేవతా ఒకే తండ్రికి వేరువేరు తల్లుల బిడ్డలు. పంపకాల్లో చేలూ పశువులూ మనిషికి, అడవులూ ఊటలూ అడవి జంతువులూ షుకి. మనిషి గట్టు జరిపేశాడు, గొడవైంది, చివరికి రాజీ. అందుకే ఊట దగ్గర షుకి పూజలు చేస్తారు. రొయ్యల చెరువు నీళ్లు కాలవలోకి వదిలే మా వైపు వాళ్లకి ఈ కథ ఎవరైనా వినిపిస్తే బాగుణ్ను.

ఆంటీకి చెప్పండి, బాబా అనే రొట్టెలో పంది కొవ్వు వేస్తారు, చూడ్డానికి మన పరోటాలానే ఉంటది, మోసపోవద్దు. శనగ జాతి గింజల పిండితో జెల్లీలా చేసి ముక్కలు కోసి, కారం వెనిగర్‌తో ఇచ్చేది తినొచ్చు, అయినా నూనె ఏంటో అడిగే తినమనండి.

భీమారం_బాబు:
లూగు సరస్సు కూడా వేసుకో గురూ, అక్కడ పెళ్లిళ్లే ఉండవంట కదా 😀

రాజోలు_రాణి:
బాబూ, ఆ నవ్వు దగ్గరే తేడా కొడుద్ది. ఆ సరస్సు దగ్గరుండేవాళ్లు మోసువోలు, యునాన్ వైపు గవర్నమెంటు లెక్కల్లో నాషిలో కలిపేశారు గానీ ఆళ్లు వేరేగానే చెప్పుకుంటారు. ఇల్లు అమ్మమ్మ పేరునే, పిల్లల్ని మేనమామలు పెంచుతారు. ఇలాంటి ప్రశ్నలు వేసే టూరిస్టుల్ని చూసి ఆళ్లకి విసుగొచ్చేసింది.

పాలకొల్లు_పిల్లోడు:
థాంక్సండీ ఇద్దరికీ. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మకి బీపీ. టైగర్ లీపింగ్ గోర్జ్ అని నది లోయ ఉందంట, అది అవుద్దా?

లాకులదగ్గర:
పై ట్రెక్‌లో 28 మలుపుల ఎక్కుడుంది, వద్దు. కింద రోడ్డు మీద కారులో వెళ్లి నది చూపించండి. దానికంటే షిగూ అనే ఊరు వెళ్తే ఆయనకి నచ్చుద్ది, దక్షిణానికొచ్చే జిన్‌షా నది అక్కడ ఒక్కసారి ఉత్తరానికి తిరిగిపోద్ది, ఒడ్డున చేలు. అదే కిందకెళ్లాక యాంగ్ట్సీ. ఇక లిజియాంగే 2,400 మీటర్లు, మంచుకొండ పెద్ద కేబుల్ కారు 4,506 మీటర్లకి తీసుకెళ్తుంది, అమ్మగారిని అది ఎక్కించొద్దు. తక్కువ ఎత్తుకెళ్లేది వేరే ఉంది, డాక్టర్ని అడిగి అది చూడండి. స్వెట్టర్లు మాత్రం మర్చిపోకండి, రాత్రుళ్లు వణుకు పుట్టిస్తది.