యోగాతో ఫ్లాట్ ఫుట్ (అరికాలికి వంపు లేకపోవడం) పోతుందా? ఈవెంట్స్‌కు తయారయ్యేవాళ్లు చెప్పండి

కేయూ గ్రౌండ్ 1600:
కానిస్టేబుల్ ఈవెంట్స్ (పరుగు లాంటి దేహదారుఢ్య పరీక్షలు) కోసం రోజూ పరుగెత్తుతున్నా. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. టైమింగ్ వస్తోంది కానీ ముంగాలి ఎముక లోపలి వైపు నొప్పి. తడికాళ్లతో షాబాద్ బండ మీద నిలబడితే అరికాలు మొత్తం అచ్చు పడుతోంది, మధ్యలో ఖాళీ లేదు. మెడికల్‌లో ఫ్లాట్ ఫుట్ ఉంటే తీసేస్తారని టెన్షన్. నలభై రోజులు యోగా చేస్తే వంపు వచ్చేస్తుందని ఒక సార్ చెప్పారు, ఫీజు కూడా అడిగారు. నమ్మొచ్చా?

హన్మకొండ యోగా టీచర్:
తమ్ముడూ, యోగా తప్పకుండా చెయ్యి. తాడాసనంలో బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ, ఈ మూడూ నేలను నొక్కాలి. ఇప్పుడు వేళ్లు ముడవకుండా బొటనవేలి మొదలును మడమ వైపు లాగినట్టు చూడు, లోపలి వంపు కొంచెం లేస్తుంది. అది పట్టుకుని పది శ్వాసలు. తర్వాత వృక్షాసనం. ఒంటికాలి మీద చీలమండ సన్నగా వణుకుతుంది చూడు, నేర్చుకునేది అప్పుడే. మా క్లాసులో ఎక్కువమంది చెప్పులు లోపలి వైపే అరుగుతాయి. పాదం మీద అసలు ధ్యాసే ఉండదు మనకు.

కాజీపేట పరుగు:
అక్కా, ఆసనాలతో నాకు పేచీ లేదు, ఆ నలభై రోజుల మాటతోనే. పాదంలో 26 ఎముకలు. వాటి అమరికను ఏ ఆసనమూ మార్చదు, కండ బలపడుతుందంతే. నేనూ రోజూ వృక్షాసనం వేసేవాణ్ని. అయినా రెండు వారాల్లో రౌండ్లు డబుల్ చేసేసరికి ముంగాలి ఎముకకు సన్న పగులు వచ్చింది, ఒక సీజన్ పోయింది. దెబ్బ తగిలేది ఎక్కువగా తొందరపడి పెంచినప్పుడే. తమ్ముడూ, ఎన్ని రౌండ్లు పెంచావో ముందు అది చెప్పు.

కేయూ గ్రౌండ్ 1600:
నాలుగు నుంచి పదికి. పది రోజుల్లో అన్నా.

కాజీపేట పరుగు:
అదే! ఎముక మీద వేలితో నొక్కి చూడు. జానెడు పొడవునా సలుపు ఉంటే విశ్రాంతితో తగ్గేదే అయ్యుంటుంది. ఒకే చోట వేలు పెట్టనియ్యకపోతే, ఒంటికాలిపై గెంతితే గుచ్చితే పరుగు ఆపి ఆర్థో డాక్టర్ దగ్గరికి పో. దాన్ని ఆసనంతో సర్దుకుందామనుకోకు.

హన్మకొండ యోగా టీచర్:
ఈ మాట నేనూ ఒప్పుకుంటున్నా. నొప్పి ఉన్నప్పుడు నా దగ్గరికి వచ్చినా ముందు డాక్టర్‌కు చూపించుకోమనే చెప్తా. కానీ పిక్కలు బిగుసుకున్నవాళ్లకు అధోముఖ శ్వానాసనం (చేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తేది) మేలు చేస్తుంది అన్నా. పిక్క లాగేస్తుంటే మడమ తొందరగా లేచి పాదం లోపలికి వాలుతుంది. తమ్ముడూ, మునివేళ్ల మీద లేచి చూడు, వంపు కనపడుతోందా?

కేయూ గ్రౌండ్ 1600:
గోడ పట్టుకుని లేచా. రెండు కాళ్లకూ కనపడుతోంది అక్కా, ఎడమకు కొంచెం తక్కువ.

హన్మకొండ యోగా టీచర్:
అయితే పాదం మెత్తనిదే, బిగుసుకుపోలేదు. చాలామందికి ఇలాగే ఉంటుంది. మెడికల్‌లో ఏమంటారో మాత్రం నేను చెప్పలేను, ముందే డాక్టర్‌కు చూపించి అడుగు. ఆ ఫీజు కట్టకు. తాడాసనం ఇంట్లో గోడ పక్కన నిలబడి చేసుకోవచ్చు.

కేయూ గ్రౌండ్ 1600:
నొక్కి చూశా అన్నా. ఒకే చోట ఉంది. రేపు గ్రౌండ్‌కు పోను, డాక్టర్ దగ్గరికే.