కైమాతో ఐదుగురికి సరిపడా, జేబుకి చిల్లు పడకుండా ఏమేం వండొచ్చు?

బైరాగిపట్టెడ_కోడలు:
అందరికీ నమస్తే. మేం తిరుపతిలో బాడుగింట్లో ఉంటాం, మొత్తం ఐదుగురం. నేను, మా ఆయన, ఇద్దరు మగపిల్లోళ్లు, మా అత్తమ్మ. అత్తమ్మకి పళ్లు సరిగ్గా లేవు, ముక్క కూర చేస్తే పులుసు మటుకు పోసుకుని ముక్కలు పక్కన పెట్టేస్తాది, చూస్తే పాపం అనిపిస్తాది. అందుకే ఇంగ కైమా వైపు పోదామని అనుకుంటా ఉండా. శనివారం మా ఇంట్లో నీసు లేదు, సోమవారం అత్తమ్మ తినదు, కాబట్టి ఆదివారం ఒకసారి, మధ్యలో బుధవారమో గురువారమో ఇంకోసారి చేస్తే చాలు. కానీ మా పక్క మటన్ కిలో తొమ్మిదొందలు పలుకుతా ఉండాది, అర కిలో కైమా తెచ్చి వండితే పెద్దోడొక్కడే సగం లాగించేస్తాడు, మిగిలినోళ్లకి గరిటె అంచుకి అంటుకున్నదే గతి. వారానికి మాంసానికని నాలుగొందలకి మించి పెట్టలేను. తక్కువ కైమాతో కూర జాస్తి ఎట్ల వచ్చాది, మటన్ మేలా కోడి మేలా, మీల్‌మేకర్ కలిపితే తెలిసిపోతాదా, ఇంగ ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు పెట్టొచ్చు, ఇవి చెప్పండి. యూట్యూబ్‌లో చూస్తే అందరూ జీడిపప్పు, క్రీము, వెన్న అంటా ఉండారు, అవి కొనేదానికి బదులు ఇంకో అర కిలో మటనే తెచ్చుకోవచ్చు కదా.

చిత్తూరు_పెద్దమ్మ:
అమ్మా, కైమాకి తోడు ఎప్పుడూ బేడలే. నీళ్లు పోసి పెంచితే పులుసు పెరుగుతాది గానీ పిల్లోళ్లకి కడుపు నిండదు. పావు కిలో మటన్ కైమా తీసుకో, చారెడు శనగబేడలు అరగంట నానబెట్టి కుక్కర్లో ఒక్క విజిల్ రానిచ్చి దించెయ్, పలుకు ఉండాల, మెత్తగా అయిపోతే పప్పు మాదిరి అయిపోతాది. చెనక్కాయ నూనెలో చెక్కా లవంగా, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు రెండు పెద్దవి, అల్లం తెల్లగడ్డ నూరింది వేసి ఎర్రగా వేగినాక కైమా వెయ్. ఇక్కడ తొందర పడొద్దు మా. కైమా ముందు నీళ్లు వదుల్తాది, ఆ నీళ్లన్నీ ఇగిరిపోయి మళ్లా నూనె పైకి తేలేదాకా మంట మీద కలబెడతానే ఉండు, అప్పుడే నీసు వాసన పోయి కమ్మటి వాసన వచ్చాది. ఆ తర్వాతే పసుపు, మిరప్పొడి, ధనియాలపొడి, టమేటాలు. అర గ్లాసు నీళ్లు పోసి కుక్కర్ మూడు విజిళ్లు. మూత తీసినాక ఉడికిన బేడలు, వాటి నీళ్లతో సహా, కలిపి ఐదు నిమిషాలు ఉడకనిచ్చి కొత్తిమీర చల్లు. ఐదుగురికి సంగటిలోకి సరిపోయి రాత్రికి దోశల్లోకి రోంత మిగుల్తాది కూడా.

ఇంగ మీ అత్తమ్మకైతే కైమా ఉంటల పులుసు చెయ్, నమిలే పనే లేదు. పావు కిలో కైమాని గట్టిగా పిండి, పుట్నాలపప్పు పొడి రెండు గుప్పిళ్లు, పచ్చి టెంకాయ రెండు ముక్కలు, పచ్చిమిరక్కాయలు, సోంపు, అల్లం, తెల్లగడ్డ, ఉప్పు వేసి మిక్సీలో నీళ్లు తగలకుండా తిప్పు. గోళీకాయలకంటే కొంచెం పెద్దగా చేస్తే ఇరవై పైనే ఉంటలు వచ్చాయి. పిల్లోళ్లకి లెక్క పెట్టి వడ్డించొచ్చు, అదే దీంట్లో ఉండే సుఖం, మీ పెద్దోడు లాగించేదానికి కుదరదు! పులుసు తెర్లుతా ఉన్నప్పుడు ఒక్కొక్కటీ వదులు, వదిలినాక గరిటె పెట్టొద్దు, గిన్నె పట్టుకుని అటూ ఇటూ తిప్పు, పది నిమిషాలకి గట్టి పడతాయి, అప్పుడు ఎట్ల కలబెట్టినా చెదరవు. గసగసాలు ఇప్పుడు బంగారం అయిపోయినాయి, పులుసు చిక్కదనానికి వేయించిన చెనిగ్గింజలు గుప్పెడు నూరి పొయ్యి, ఎవురూ కనుక్కోలేరు.

కత్తి_కింద_నిజం:
అక్కా నమస్తే. మా చిన్నాయనకి రేణిగుంట పక్క మటన్ కొట్టు ఉండేది, చిన్నప్పటి నుంచి ఆడ కూచున్నోణ్ణి కాబట్టి కొనే సంగతి చెప్తా, వండేది పెద్దమ్మ చెప్పేసింది.

ముందే కొట్టి పెట్టిన కైమా ఎప్పుడూ కొనొద్దు. దాంట్లో ఏ ముక్క పోయిందో, ఎంత కొవ్వు పోయిందో, ఎప్పుడు కొట్టిందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. ముక్క చూపించి, "ఇది కొట్టియ్యన్నా" అని నిలబడి కొట్టించుకో. తొడ అయితే రేటు, మెడ ముక్కా చెయ్యి ముక్కా కైమాకి బాగుంటాయి, ఎట్లాగూ నరిగేదే కాబట్టి మెత్తటి ముక్క కోసం జాస్తి డబ్బులు పెట్టాల్సిన పని లేదు. కొవ్వు మొత్తం తీసెయ్యమని చెప్పొద్దు, రోంత ఉంటేనే రుచి, లేదంటే కూర పొడిపొడిగా గొంతు దిగదు. ఇంకోటి, ఆదివారం పదకొండు గంటలకి పోతే నీ మొహం కూడా చూడరు, తెల్లారి ఆరున్నరకి పో.

కడిగేది కూడా ముక్కగా ఉన్నప్పుడే కడిగించు. కైమా అయినాక కడిగితే సారమంతా నీళ్లలో పోతాది, పైగా ఆ నీళ్లు ఇగరేదానికి గ్యాసు దండగ. ముక్కకి మురికి పైనే ఉంటాది, కైమా కొడితే ఆ పైదంతా లోపలికి కలిసిపోతాది, అందుకే కైమా ముక్క కంటే తొందరగా చెడిపోతాది. సగం ఉడికినా పరవాలేదు అనేది కైమాకి కుదరదు, లోపల ఎరుపు అస్సలు ఉండకూడదు. లోపలి వేడి 71 డిగ్రీలు దాటాల, కోడి అయితే 74. తెర్లే పులుసులో ఉడికేదానికి ఇబ్బంది లేదు, పెనం మీద కాల్చే టిక్కీలతోనే జాగ్రత్త, పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి.

కోడి సంగతికొస్తే, కొట్లో కోడి కైమా అంటే బోన్‌లెస్ రేటు వేసి పైన కొట్టిన కూలీ కూడా లాగుతారు. దానికంటే తోలు తీసిన మొత్తం కోడి తెచ్చుకో. రొమ్ము, తొడ కండ ఇంట్లోనే వొలిచి కైమా చేసుకో, ఎముకలూ మెడా రెక్కలూ మిరియాల రసానికో పులుసుకో వాడు. ఒకే కోడితో రెండు పూటలు. వొట్టి రొమ్ముతో చేస్తే రంపపు పొట్టు తిన్నట్టు ఉంటాది, తొడ కలపాల్సిందే. మిక్సీలో చేసేటప్పుడు ముక్కలు ఫ్రీజర్లో అరగంట పెట్టి గట్టి పడినాక, ఆపి ఆపి రెండు మూడు తిప్పులు తిప్పు. వదలకుండా తిప్పితే పేస్ట్ అయిపోతాది.

జిమ్_తమ్ముడు_కొర్లగుంట:
మీల్‌మేకర్ కలిపితే తెలిసిపోతాదా అంటే, ఎంత కలిపినారు అనే దాన్ని బట్టి ఉంటాది అక్కా. మూడొంతులు కైమా ఒక వంతు మీల్‌మేకర్ అయితే మా నాయనే కనిపెట్టలేదు, ఆయన ఉప్పు చిటికెడు తగ్గితే కంచం నెట్టే రకం. సగం సగం చేస్తే మటుకు దొరికిపోతారు. పెద్ద ఉండలు కాకుండా పొడి మాదిరి వచ్చే సన్నవి తీసుకోండి. ఉప్పేసిన వేడి నీళ్లలో పది నిమిషాలు, తర్వాత గట్టిగా పిండాల, మళ్లా చల్లనీళ్లు పోసి మళ్లా పిండాల, ఆ సోయా వాసన పోవాలంటే ఇదే దారి. 50 గ్రాములు నానితే మూడింతలు దాకా అవుతాది. ఎండు మీల్‌మేకర్ 100 గ్రాముల్లో 52 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటాది, మాంసం కూడా అంత ఇవ్వదు (నానినాక ఆ లెక్క మూడో వంతుకి పడతాదనుకోండి). కైమాతో పాటే మొదట్లోనే వెయ్యండి, కైమా వదిలే నీళ్లు అది తాగుతాది, రుచి దానికీ పట్టుకుంటాది.

చిత్తూరు_పెద్దమ్మ:
నాయనా, మీ జిమ్ము సంగతి నాకు తెలీదు గానీ బేడలు ఉండగా ఆ స్పాంజి ఎందుకు. బేడల్లో ప్రోటీన్ లేదా ఏంది?

జిమ్_తమ్ముడు_కొర్లగుంట:
ఉంది పెద్దమ్మా, లేదని ఎవురన్నారు 😄 బేడలకి కూర రూపం మారిపోతాది, మీల్‌మేకర్‌కి మారదు. కైమా కైమా మాదిరే కనపడాలంటే నాది, కడుపు నిండాలంటే మీది, అంతే తేడా.

బైరాగిపట్టెడ_కోడలు:
అబ్బా ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. పుట్నాలపప్పు పొడి సంగతి నాకు అస్సలు తెలీదు, నేను శనగపిండి అనుకుంటా ఉండా. అన్నా, మాది సింగిల్ డోర్ ఫ్రిజ్, పైన చిన్న ఫ్రీజర్, కరెంటు కూడా అప్పుడప్పుడు పోతా ఉంటాది. ఆదివారం అర కిలో కొట్టించి సగం వండి సగం గురువారానికి పెట్టుకోవచ్చా? ఇంగ టమేటా రేటు పెరిగినప్పుడు ఏం చేస్తారు మీరంతా, మొన్నా మధ్య కిలో వందకి పోయినప్పుడు మా ఇంట్లో రసం కూడా బంద్.

కత్తి_కింద_నిజం:
పచ్చి కైమా కింద అరలో అయితే మరుసటి రోజు దాకా, మహా అంటే రెండో రోజు. గురువారం దాకా అంటే ఫ్రీజర్లోనే పెట్టాల. ముద్ద మాదిరి పెట్టొద్దు అక్కా, కవర్లో వేసి చేత్తో వత్తి వేలు మందాన పలచగా పరిచి పెట్టు, తొందరగా గడ్డ కట్టి తొందరగా కరుగుతాది, చిన్న ఫ్రీజర్లో చోటు కూడా కలిసొస్తాది. బుధవారం రాత్రి కింద అరలోకి మార్చు, గట్టు మీద పెట్టి కరిగించొద్దు, మన ఎండలకి పైన చెడిపోయినా లోపల ఇంకా గడ్డే ఉంటాది. కరిగిన పచ్చి కైమా మళ్లా ఫ్రీజర్లో పెట్టొద్దు.

కరెంటు పోయేది ఉంటే ఇంకో పని చెయ్. అర కిలో మొత్తం ఆదివారమే ఎర్రగడ్డా అల్లం తెల్లగడ్డ పసుపు ఉప్పు వేసి పూర్తిగా ఉడికించెయ్. సగంతో ఆ పూట కూర, సగం చల్లారినాక డబ్బాలో ఫ్రీజర్‌కి. గురువారం దాంట్లో బేడలో ఉర్లగడ్డో పడేస్తే పావుగంటలో కూర, ఆఫీసు నుంచి వచ్చినా కష్టం ఉండదు.

మదనపల్లి_చెల్లి:
టమేటా మార్కెట్ ఊర్లో ఉండి చెప్తా ఉండా అక్కా, రేటు పెరిగితే మాకూ అంతే, మార్కెట్ మా ఊర్లో ఉన్నంత మాత్రాన మాకేం ఫ్రీగా ఇయ్యరు. అప్పుడు మా అమ్మి చుక్కకూర కైమా చేస్తాది. రెండు కట్టల చుక్కకూర వేస్తే టమేటా అక్కర్లేదు, ఆ పులుపు చాలు, పైగా ఆకు కరిగిపోయి గుజ్జు మాదిరి అవుతాది కాబట్టి పావు కిలో కైమా కూడా గిన్నె నిండా కనపడతాది. మటన్ పూర్తిగా ఉడికినాకే చుక్కకూర వెయ్యాల. గోంగూర అయినా అంతే. మెంతికూర కూడా బాగుంటాది కానీ పిల్లోళ్లు చేదని మొహం తిప్పుకుంటారు.

మా ఇంట్లో ఎవురన్నా వస్తా ఉండారంటే షామీ కబాబే. పావు కిలో కైమా, 100 గ్రాముల శనగబేడలు, ఎర్రగడ్డ, ఎండుమిరక్కాయలు, అల్లం, గరం మసాలా అన్నీ కలిపి ఉడికించి, నీళ్లు చుక్క మిగలకుండా ఇగరబెట్టి, చల్లారినాక నూరేది. పుదీనా, పచ్చిమిరక్కాయ సన్నగా తరిగి కలిపి, గుడ్డు ఒకటి కొట్టి, బిళ్లలు చేసి పెనం మీద రెండు పక్కలా కాల్చేది. ముందే ఉడికింది కాబట్టి పైన అన్న చెప్పిన పచ్చి భయం ఉండదు. అత్తమ్మ కూడా తినొచ్చు, నోట్లో వేసుకుంటే కరిగిపోతాది. పప్పన్నంలో పక్కన రెండు పెడితే పిల్లోళ్లు ఇంకేం అడగరు. చేసిన బిళ్లలు కాల్చకుండానే ఫ్రీజర్లో పెట్టుకోవచ్చు.

పెరటాసి_బేరం:
నాదొక చిన్న సలహా. మన పక్క పెరటాసి నెలలో, సెప్టెంబర్ సగం నుంచి అక్టోబర్ సగం దాకా, శానా ఇళ్లల్లో నీసు మానేస్తారు, అప్పుడు కోడి రేటు పడతాది. మీ ఇంట్లో ఆ పట్టింపు లేకపోతే అది మీ సీజన్. ఇంగ చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు (గింజలు నానబెట్టి తోలు పితికి తీసింది) కైమా చేసుకోకపోతే చిత్తూరు జిల్లాలో పుట్టి దండగ. శనగబేడలు వెయ్యాల్సిన చోట పితికిపప్పు, అంతే, ఇంకేం మార్చొద్దు. పితికేదానికి ఓపిక కావాల, పిల్లోళ్లని టీవీ ముందు కూచోబెట్టి చేతికి గిన్నె ఇయ్యి, పనైపోతాది. మార్కెట్లో పితికి అమ్మేది కొంటే మటన్ డబ్బులు దానికే పోతాయి.

బైరాగిపట్టెడ_కోడలు:
పెరటాసి మా అత్తమ్మ వదలదు అన్నా, గుడ్డు కూడా రానియ్యదు ఇంట్లోకి 😅 పితికిపప్పుది మటుకు జనవరిలో ఖాయం. ఈ ఆదివారానికి పావు కిలో మటన్ మెడ ముక్క కొట్టించి ఉంటల పులుసు చేస్తా, గురువారానికి కోడి తొడ కండతో శనగబేడలు. లెక్కేస్తే నాలుగొందల లోపలే వస్తా ఉండాది. పెద్దమ్మా, ఒక్క డౌటు, ఉంటలు పులుసులో వదిలితే విడిపోతే ఏం చెయ్యాల?

చిత్తూరు_పెద్దమ్మ:
ముందు ఒక్క ఉంట వదిలి చూడు మా. విడిపోతే పిండిలో ఇంకో పిడికెడు పుట్నాల పొడి కలుపు. కైమాలో నీళ్లు ఉంటేనే విడిపోతాయి, అందుకే పలచటి గుడ్డలో వేసి గట్టిగా పిండమనేది. పులుసు కూడా బాగా తెర్లుతా ఉండాల, గోరువెచ్చగా ఉన్నప్పుడు వదిలితే ఎంత పొడి కలిపినా నిలబడవు.