థార్ ఇసుకలో మాక్రో చిత్రాలు

ప్రశ్న: జైసల్మేర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సామ్ ఇసుక తిన్నెల మీద తెల్లవారుజామున గడిపిన రెండు గంటలు నాకెంతో ఆనందాన్నిచ్చాయి. తిన్నెల చిత్రాలు చక్కగా వచ్చాయి గాని, ఇసుక అలల మీద దారంతో కుట్టినట్టు అడుగుల వరుస వదిలి వెళుతున్న నల్లని పురుగును చిన్న వస్తువులను దగ్గర నుంచి పెద్దగా తీసే 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సుతో తీస్తే, తల ఒక్కటే స్పష్టంగా వచ్చింది. ఏం చేయాలి?

జవాబు: ఒకటికి ఒకటి నిష్పత్తిలో, అంటే సెన్సారు (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద పురుగు అసలు పరిమాణంలోనే పడేలా తీసేటప్పుడు, వెలుగు వచ్చే లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 దాకా చిన్నది చేసినా స్పష్టంగా కనిపించే లోతు సుమారు ఒక మిల్లీమీటరే ఉంటుందండీ. అందువల్ల నేల మీద పడుకుని, పురుగు పక్కభాగం సెన్సారుకు సమాంతరంగా ఉండేలా చూసుకుని తీయండి.

మరో జవాబు: పొద్దెక్కకముందే తీయండి, ఏటవాలు వెలుగులో రేణువు రేణువుకూ నీడ కనిపిస్తుంది. గాలి వీస్తుండగా లెన్సు మాత్రం మార్చకండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ, మళ్లీ వెళ్లినప్పుడు అలాగే పడుకుని తీస్తాను.