వంద మీటర్ల అవతల ఎర పడాలంటే ఏ రీల్ తీసుకోవాలి?

మొరవగట్టు:
తిరుపతి దగ్గర రాయల చెరువులో బంగారు తీగ చేపల కోసం కూర్చుంటున్నాను. నా దగ్గర ఏడడుగుల రాడ్, 4000 సైజు రీల్ ఉన్నాయి. ఎంత బలంగా విసిరినా యాభై మీటర్లు దాటడం లేదు. ఎండాకాలం నీళ్లు తగ్గాక చేపలు నడిమధ్యన పొర్లుతుంటే ఒడ్డున కూర్చుని చూడాల్సి వస్తోంది. పెద్ద రీల్ కొనమంటున్నారు. 14000 అని కొందరు, 45 అని కొందరు. వాడినవాళ్లు చెప్పండన్నా.

పిచ్చాటూరు గాలం:
తమ్ముడూ, ముందు ఆ నంబర్ల సంగతి. 14000 షిమానో కంపెనీ లెక్క, 45 దైవా కంపెనీ లెక్క. దైవాలో 45 అంటే దారం చుట్టేటప్పుడు స్పూల్, అంటే దారం ఉండే గిలక, ముందుకూ వెనక్కూ కదిలే దూరం, 45 మిల్లీమీటర్లు. రెండూ దూరం విసరడానికి చేసిన పెద్ద రీళ్లే. నంబరుతో నంబరు పోల్చకుండా స్పూల్ చూడు. పొడవుగా, వెడల్పుగా, ముందు అంచు వైపు కొంచెం సన్నబడుతూ ఉండాలి.

చిన్న రీల్లో కాస్త దారం పోగానే చుట్ట లోతుకు దిగిపోతుంది. మిగతా దారమంతా స్పూల్ అంచుకు రాసుకుంటూ బయటికి రావాలి, విసిరిన సీసం గుండు వేగం అక్కడే చచ్చిపోతుంది. పొడవు స్పూల్లో వంద మీటర్లు పోయినా చుట్ట పెద్దగా తగ్గదు. దారం కూడా అంచు నుంచి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు వదిలి నిండా చుట్టాలి. స్పూల్ మరీ లోతుగా ఉంటే అడుగున పాత దారం చుట్టి, పైన 0.30 ఎం.ఎం. కొత్త దారం మూడు వందల మీటర్లు వేసుకో, చాలు. ఆరణియార్ డ్యాం దగ్గర నేను వాడేది ఇదే పద్ధతి.

నీవా ఒడ్డు:
అన్న చెప్పింది నిజమే కానీ అసలు అడ్డం రాడ్ దగ్గర ఉంది. ఈ పెద్ద రీళ్లు ఆరు వందల గ్రాములు దాటతాయి. ఏడడుగుల రాడ్‌కు బిగిస్తే చెయ్యి నొప్పి తప్ప ఇంకేం రాదు. పైగా పెద్ద స్పూల్ నుంచి దారం వెడల్పైన చుట్టలుగా లేస్తుంది. రాడ్ మీద దారం దూరే మొదటి రింగు చిన్నదైతే అక్కడే గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. మొదటి రింగు 40 లేదా 50 మి.మీ. ఉండే పన్నెండడుగుల రాడ్, 3 పౌండ్ల టెస్ట్ కర్వ్‌ది, అంటే కొసకు 3 పౌండ్ల బరువు తగిలిస్తే లంబంగా వంగేది, కొను. డబ్బు ఒకేసారి లేకపోతే రాడ్ ముందు, రీల్ తర్వాత.

ఇంకో మాట. మన చెరువుల్లో లోతంతా కట్ట పక్కన, తూము దగ్గరే. కట్ట మీద కూర్చున్నవాడికి వంద మీటర్లు దేనికి? నవంబరు వానలకు చెరువు నిండిన రోజుల్లో ముప్పై, నలభై మీటర్లలోనే మోసు, బంగారు తీగ రెండూ అడుగున మేస్తుంటాయి. దూరం కావాల్సింది పైవైపు, బురద ఒడ్డు నుంచి విసిరేవాళ్లకు.

మొరవగట్టు:
నేను కూర్చునేది పైవైపే అన్నా. అక్కడ నీళ్లు మోకాలి లోతే.

నీవా ఒడ్డు:
అయితే నీకు పెద్ద రీలే కావాలి, తీసుకో.

చంద్రగిరి కోట:
బైట్‌రన్నర్ రకం ఎవరూ చెప్పలేదే? వెనక మీట నొక్కితే చేప లాగినంత దారం పోతుంది, హ్యాండిల్ తిప్పగానే డ్రాగ్, అంటే దారాన్ని బిగువుగా ఆపే బ్రేకు, పట్టుకుంటుంది. రాడ్ స్టాండు మీద పెట్టి పక్కకు వెళ్లేవాళ్లకు ఇదే క్షేమం. పెద్ద బొచ్చె ఒక్క ఊపున రాడ్‌ను నీళ్లలోకి లాక్కుపోవడం కళ్లారా చూశాను.

పిచ్చాటూరు గాలం:
క్షేమమే సార్, కాదనను. కానీ దూరానికి చేసిన చాలా రీళ్లలో ముందున్న డ్రాగ్ నాబ్ కొంచెం తిప్పితే చాలు, పూర్తి వదులు నుంచి పూర్తి బిగువుకు వచ్చేస్తుంది. క్విక్ డ్రాగ్ అంటారు. ఎర వేశాక వదులు చేసి పెట్టుకుంటే బైట్‌రన్నర్ పని అదే చేస్తుంది. కొనే ముందు అంగట్లో స్పూల్ చేత్తో లాగి చూడాలి. దారం ఒకే తీరున పోవాలి. కుదుపులు కుదుపులుగా పోతే ఆ రీల్ వద్దు.

చంద్రగిరి కోట:
చెయ్యి అలవాటైనవాళ్లకు సరే. కొత్తవాళ్లకు నేను బైట్‌రన్నరే చెబుతాను.

సీసం గుండు:
రీల్ ఏదైనా కొనుక్కోండి, షాక్ లీడర్, అంటే సీసం వైపు కొసన కట్టే గట్టి దారం, లేకుండా మాత్రం విసరొద్దు. మూడు ఔన్సుల సీసం, అంటే 85 గ్రాములు, బలంగా విసిరేటప్పుడు 0.30 దారం తెగితే ఆ సీసం తూటాలా పోతుంది. పైవైపు ఒడ్డున గొర్రెలు, బర్రెలు మేపేవాళ్లు ఉంటారు, పిల్లలు ఈదుతుంటారు. సీసం ఔన్సుకు పది పౌండ్ల లెక్కన లీడర్ కట్టాలి. మూడు ఔన్సులకు ముప్పై పౌండ్లది. రాడ్ పొడవుకు రెండింతలు ఉండి, స్పూల్ మీద ఇంకో నాలుగైదు చుట్లు రావాలి. ముడి సన్నగా కట్టకపోతే రింగుల్లో తగులుతుంది.

మొరవగట్టు:
అల్లిక దారం ఇంకా దూరం పోతుందంటారు కదా?

సీసం గుండు:
పోతుంది, సన్నం కాబట్టి. కానీ రాయికి తగిలితే నైలాన్ కంటే త్వరగా తెగుతుంది. వేలికి తొడుగు లేకుండా విసిరితే చర్మం కోస్తుంది. వదులుగా చుట్టుకుంటే పై చుట్లు లోపలికి దిగబడి విసిరినప్పుడు చిక్కుపడుతుంది. దూరం విసరడం చేతికి వచ్చేదాకా నైలానే వాడు.

పిచ్చాటూరు గాలం:
స్పూల్ పక్కన దారం పట్టి ఆపే లైన్ క్లిప్ ఉంటుంది, అది కూడా చూసుకో. గుండ్రటి లోహపు క్లిప్ మంచిది, పదును ప్లాస్టిక్‌ది దారాన్ని కోస్తుంది. దూరం కొలవడానికి నేల మీద పన్నెండడుగుల ఎడంతో రెండు పుల్లలు పాతి, వాటి మధ్య దారం తిప్పు. ఒక పుల్ల నుంచి ఇంకో పుల్లకు ఇరవై ఐదు సార్లు తీసుకెళ్తే మూడు వందల అడుగులు, అంటే 91 మీటర్లు. అక్కడ క్లిప్‌లో పెట్టి విసిరితే ప్రతిసారీ అదే దూరంలో పడుతుంది, వేరుశనగ చెక్క ఉండలు వేసిన చోటే గాలం కూడా ఉంటుంది. ఎర పడగానే దారం క్లిప్ నుంచి తీసెయ్యాలి. తియ్యకపోతే మొదటి పరుగులోనే చేప తెంపుకుపోతుంది.

మొరవగట్టు:
సరే అన్నా. ఇప్పుడు పన్నెండడుగుల రాడ్ కొంటాను, రీల్ వచ్చే నెల. క్విక్ డ్రాగ్ ఉన్నదే చూస్తాను.

నీవా ఒడ్డు:
చెరువు చేపల వేలం పాట ఎవరు పాడుకున్నారో కనుక్కుని, వాళ్లను అడిగే కూర్చో. ఎప్పుడైనా కట్ట మీదికి వస్తే ఇనప స్టాండు కట్టలోకి దిగ్గొట్టొద్దు. 2021 నవంబరులో ఆ కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లు ఖాళీ చేయించారు. మూడు కాళ్ల స్టాండు వాడు.