పాతబస్తీ అమ్మాయికి డాక్టర్ చదువు దారి ఎలా చూపాలి?

ప్రశ్న (యాకుత్‌పురా టీచరు): ఉర్దూ మాధ్యమం పదో తరగతి పిల్లలకు ఆదివారాలు జీవశాస్త్రం చెబుతున్నాను. మొన్న ఒక అమ్మాయి మేక గుండెను కోసి, కవాటాన్ని వేలితో మెల్లగా తెరిచి చూసింది. "నేను డాక్టర్‌నవుతానా మేడమ్?" అంది. ఆ ఇంట్లో ఇంటర్ చదివినవారే లేరు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (హౌస్‌సర్జన్): బైపీసీలో చేర్పించండి మేడమ్. ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్‌లో 720 మార్కులకు 360 జీవశాస్త్రానివే. ప్రశ్నపత్రం ఉర్దూలోనూ ఉంటుంది. కానీ ఎంబీబీఎస్ పాఠాలు ఇక్కడ ఇంగ్లిషులోనే! పదాలు ఇప్పటినుంచే రెండు భాషల్లో రాయించండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన నేను అనాటమీ పుస్తకం ముందు ఏడ్చాను.

జవాబు (ఒక తండ్రి): బీసీ-ఇ (ముస్లింలలో వెనుకబడిన వర్గాలు) కిందికి వస్తే 4 శాతం రిజర్వేషన్ ఉంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీయించండి.

టీచరు: డాక్టర్‌గారూ, ఒక్క ఆదివారం వస్తారా? మీ స్టెతస్కోపు కూడా తీసుకురండి.