కలుపు తీయడం, అన్నం కలపడం: రెండూ ఒకే మాటా?

వంగర తాత:
ఆగస్టు 15కి శనాదివారాలు కలిసొచ్చాయని మనవడు బెంగళూరు నుంచి వచ్చాడు. వరిమడిలో కలుపు తీయడానికి ఆడవాళ్లని మాట్లాడుతుంటే, "తాతా, కలిపిందాన్ని మళ్లీ తీయడం ఏటి?" అన్నాడు. నవ్వాను గానీ రాత్రంతా అదే ఆలోచన. పైగా వాడు "అన్నం కలుపాలి" అంటాడు. తప్పని చెప్పాను. ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి బాబూ.

బొబ్బిలి మేస్టారు:
తాతగారూ, రెండోది ముందు చెబుతాను, అది తేలిక. చదువు, చదివి, చదవాలి. నడుపు, నడిపి, నడపాలి. అలాగే కలుపు, కలిపి, కలపాలి. మధ్యలో ఉన్న ఉకారం వెనకొచ్చే అచ్చును చూసి రంగు మారుస్తుంది. మీ మనవడు చదువు"కోవాలి" విని అన్నిటికీ అదే అనుకుని ఉంటాడు.

ఇక చేలో కలుపు. దాన్ని తమిళులు "కళై" అంటారు, కన్నడిగులు "కళె". కలవడానికి తమిళంలో "కల", మామూలు లకారమే. చేలో కలుపుకి ళ, కలవడానికి ల. మన దగ్గర రెండూ లకారమైపోయి ఒకేలా వినిపిస్తున్నాయి గానీ, వేరు వేరు మాటలనే నా నమ్మకం. పంటలో కలిసిపోతుంది కాబట్టి కలుపు అనే వివరణ వినడానికి బాగుంటుంది, అంతే.

శ్రీకాకుళం టైలర్:
నాదో ముక్క. షాపులో కుర్రాడికి "ఈ రెండూ కలుపు" అంటే పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. చిరిగినచోట మనం వేసేది అతుకు. పిల్లని బళ్లో చేర్చాం అంటాం, కలిపాం అనం. వరసలు మాత్రం కలుపుతాం, అందులో మా అత్తగారిని మించినవాళ్లు లేరు.

వంగర తాత:
మేస్టారూ, దండాలు. మీరు చెప్పాక మా ఊరి సంగతే గుర్తొచ్చింది. సంగాం దగ్గర నాగావళిలో సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి, వాటంతటవే. మా మండలాన్ని 2022లో శ్రీకాకుళం నుంచి తీసి విజయనగరంలో కలిపారు. మమ్మల్నెవరూ అడగలేదు. మనవడికి కలవడానికీ కలపడానికీ తేడా ఇలాగే చెబుదామనుకున్నాను. వాడు నిన్ననే బండెక్కేశాడు, ఫోన్లో చెప్పాలి.